సంతాన వైద్యం కంబదూరులోనే మొదలవ్వాలి

ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1994లో పెట్టిన నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ రద్దు చేసింది. జననాలు తగ్గిపోతున్నాయనీ, రేపు పనిచేసే వయసువాళ్లు కరవై ముసలివాళ్లే మిగులుతారనీ ప్రభుత్వం కారణం చెప్పింది. ఆ భయంలో నిజం లేకపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటు సంతానం 1.7 మాత్రమే. అయితే ఎక్కువమందిని కనమంటున్న సర్కారు, ఒక్కరైనా పుడితే చాలని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న దంపతులకు ఏం చేస్తోందన్న మాట ఆ చర్చలో పెద్దగా వినబడలేదు. కళ్యాణదుర్గం దాటాక, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉన్న కంబదూరునే తీసుకోండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే అనంతపురం జిల్లాలోది. పెళ్లయి మూడేళ్లయినా కడుపు పండని కూలి కుటుంబానికి అక్కడున్న దారులు మొక్కులు, నాటువైద్యం, ఊరి ఆర్‌ఎంపీ. ఆ తర్వాత అప్పు చేసి అనంతపురమో బెంగళూరో బస్సెక్కడం. ఈ రెండింటి మధ్య ఉండాల్సిన మెట్టు ఒకటి లేకుండా పోయింది. హార్మోన్ల పరీక్ష, హార్మోన్ల మాత్ర, మగవాడి వీర్య పరీక్ష కలిసిన తొలి దశ వైద్యం అది. టెస్ట్‌ట్యూబ్ పద్ధతి ఐవీఎఫ్‌ను ఊరూరికీ తెమ్మని ఎవరూ అడగనక్కర్లేదు. ఈ తొలి మెట్టును మాత్రం మండల ఆస్పత్రికి తీసుకురావాలి. అందుకు కావలసిన శాస్త్రం ఏనాడో తేటపడింది, ఖర్చూ తక్కువే. అడ్డుపడుతున్నది సంతానలేమిని జబ్బుగా కాక ఆడదాని రాతగా చూసే అలవాటు.

నెలసరి సంగతంతా అండాశయానిదేనని చాలామంది అనుకుంటారు. ఆజ్ఞ వచ్చేది తలలోంచి. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ గంటకో గంటన్నరకో ఒకసారి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను రవ్వంత వదులుతుంది. అది అందగానే పీయూష గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ ప్రభావంతో అండాశయంలో అండాలను మోసే చిన్న నీటి సంచులు, అంటే ఫాలికల్స్, కొన్ని ఒకేసారి పెరగడం మొదలుపెడతాయి. పెరిగేకొద్దీ అవి ఎస్ట్రాడయోల్‌ను తయారుచేస్తాయి. ఎస్ట్రాడయోల్ పెరిగిందని తెలియగానే మెదడు ఎఫ్‌ఎస్‌హెచ్‌ను తగ్గిస్తుంది. ఆ తగ్గిన పాలుతోనూ నిలదొక్కుకోగలిగేది సాధారణంగా ఒక్క ఫాలికలే, తోటివి ముడుచుకుపోతాయి. మనుషులకు ఎక్కువగా ఒక్కో కాన్పులో ఒక్కరే పుట్టడానికి మూలం ఇక్కడుంది. ఆ ఒక్కటీ పక్వానికొచ్చి ఎస్ట్రాడయోల్ బాగా పెరిగి రెండు రోజులు నిలిచిందంటే, అంతదాకా మెదడును అదిమిపెట్టిన హార్మోనే ఎదురు తిరిగి దాన్ని రెచ్చగొడుతుంది. ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఉప్పొంగుతుంది, సుమారు ఒకటిన్నర రోజులో అండం విడుదలవుతుంది. ఖాళీ అయిన ఫాలికల్ ప్రొజెస్టెరాన్ ఇస్తూ గర్భాశయం లోపలి పొరను మెత్తగా, పిండం నాటుకునేలా ఉంచుతుంది. గర్భం రాకపోతే రెండు వారాల్లో అదీ ఆగిపోతుంది, ముట్టు వస్తుంది.

ఈ ఏర్పాటులో ప్రాణమంతా విడతల్లో ఉంది. 1978లో ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ఆ సంగతి బయటపడింది. జీఎన్‌ఆర్‌హెచ్‌ను గంటకోసారి ఇస్తే పీయూష గ్రంథి చక్కగా పనిచేసింది. అదే హార్మోన్‌ను ఎడతెగకుండా ఎక్కిస్తే పని మానేసింది. వేరుశనగ రైతుకు ఇది వింతగా తోచదు. తడికీ తడికీ మధ్య నేల ఆరితేనే కాయ ఊరుతుంది, నీళ్లు నిలిస్తే మొక్క కుళ్లుతుంది. తిండి చాలక ఒళ్లు మరీ తగ్గినా, థైరాయిడ్ మందగించినా, ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్ ఎక్కువైనా ఈ విడతల లయ చెడుతుంది. పీసీఓఎస్ అనే హార్మోన్ల రుగ్మత ఉన్నవాళ్లలో ఆ లయ అవసరానికి మించి వేగంగా నడిచి, ఫాలికల్స్ సగం పెరిగి నిలిచిపోతాయి. అండం విడుదల కాకపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం పీసీఓఎస్సే. ఇలాంటి చాలామందిలో అవయవాలు బాగానే ఉంటాయి, వాటికి అందాల్సిన సంకేతం తప్పుతుంది. సంకేతాన్ని సరిచేయడానికి ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు. థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ పరీక్షలకు ఒక గొట్టం రక్తం చాలు. థైరాయిడ్ మాత్ర మన దేశంలో చవకైన మందుల్లో ఒకటి.

అండం విడుదల చేయించే మాత్రల సంగతి ఇంకా స్పష్టం. లెట్రోజోల్ అనే మందు ఎస్ట్రాడయోల్ తయారీని కొద్ది రోజులు అణచిపెడుతుంది. ఎస్ట్రాడయోల్ తగ్గిందని మెదడు భ్రమపడి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను పెంచుతుంది, నిలిచిపోయిన ఫాలికల్ మళ్లీ కదులుతుంది. అంతకుముందు దశాబ్దాలపాటు ఈ పనికి క్లోమిఫిన్‌ను వాడేవారు. పీసీఓఎస్ ఉన్న 750 మంది మహిళల మీద అమెరికాలో ఈ రెంటినీ పోల్చిన అధ్యయనం 2014లో వెలువడింది. లెట్రోజోల్ వాడినవాళ్లలో 27.5 శాతం, క్లోమిఫిన్ వాడినవాళ్లలో 19.1 శాతం బిడ్డల్ని కన్నారు. ఆ ఫలితం వచ్చేనాటికి మన దేశంలో సంతాన చికిత్సకు లెట్రోజోల్ వాడకంపై నిషేధం ఉంది. పుట్టే పిల్లల్లో లోపాలు వస్తాయేమోనన్న అనుమానంతో 2011లో నిషేధించారు. ఆ అనుమానం నిలబడలేదు, 2017లో నిషేధం ఎత్తేశారు. ఆ ఆరేళ్లూ పేదవాళ్లకు అందగలిగిన మెరుగైన మాత్ర చట్టం మాటున ఉండిపోయింది. ఇప్పుడు అంతర్జాతీయ మార్గదర్శకాలు పీసీఓఎస్‌కు మొట్టమొదట చెప్పేది దీన్నే. నెలకు ఐదు రోజుల మాత్రల ఖర్చు మామూలుగా ఉపాధి హామీ ఒక రోజు కూలికి మించదు. ఐవీఎఫ్ ఒక్క విడతకు లక్షన్నర నుంచి రెండున్నర లక్షలవుతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు మొదటి మెట్టు దాటకుండానే రెండో దానికి పంపడం వైద్యం అనిపించుకోదు.

మగవాళ్ల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే అది ఎప్పుడూ చివర్లోనే వస్తుంది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా లోపం ఉంటుంది. అయినా స్కానింగులకూ సూదులకూ భార్యే తిరుగుతుంది. గొడ్రాలన్న తిట్టూ ఆమెకే. వీర్య పరీక్షకు కావలసింది ఒక సూక్ష్మదర్శిని, కొలత గళ్లున్న గాజు పలక, శిక్షణ పొందిన టెక్నీషియన్, మగవాళ్లు సిగ్గుపడకుండా వెళ్లగలిగే ఒక గది. క్షయ పరీక్షలు చేసే ప్రతి సర్కారు ల్యాబులో సూక్ష్మదర్శిని ఇప్పటికే ఉంది. మగవాడిలోనూ నడిపించేవి ఆ ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లే. ఎల్‌హెచ్ వల్ల వృషణంలో టెస్టోస్టెరాన్ తయారవుతుంది, అది అక్కడ దండిగా ఉంటేనే వీర్యకణాలు పుడతాయి. బయటినుంచి టెస్టోస్టెరాన్ సూది వేస్తే, కావలసినంత ఉందనుకుని మెదడు తన పని ఆపేస్తుంది, వీర్యకణాలు పడిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ప్రచురించిన ప్రయోగంలో మగవాళ్ల గర్భనిరోధకంగా పరీక్షించింది ఈ సూదినే. వారానికొకటి చొప్పున ఇస్తే ఎక్కువమందిలో వీర్యకణాలు పూర్తిగా మాయమయ్యాయి. పిల్లల కోసం వచ్చిన మగవాడికి 'బలానికి' అంటూ ఈ సూది పొడవడం ఎంత విపరీతమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మాత్రలకు లొంగని చోట సూదులు వస్తాయి. వాటి చరిత్ర ఆసక్తిగా ఉంటుంది. ముట్లుడిగిన స్త్రీలలో అండాశయం పలకదు కాబట్టి మెదడు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లను ఎడాపెడా పంపుతూనే ఉంటుంది, అవి మూత్రంలోకి దిగుతాయి. ఇటలీలో వృద్ధ సన్యాసినుల మఠాల నుంచి ఆ మూత్రాన్ని సేకరించి హార్మోన్‌ను శుద్ధి చేశారు. 1960ల తొలి ఏళ్లలో ఇజ్రాయెల్‌లో దానితో తొలి గర్భాలు నిలిచాయి. కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ ఈ రకం హార్మోన్‌నే వాడి ఒకేసారి పలు అండాలు తీసి, పిండాన్ని శీతలీకరించి, తర్వాతి నెలసరిలో గర్భాశయంలో పెట్టారు. 1978 అక్టోబరు 3న ఆడబిడ్డ పుట్టింది. అంతకు 70 రోజుల ముందు ఇంగ్లండులో పుట్టిన ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువుకు హార్మోన్ సూదులేమీ వాడలేదు, సహజంగా వచ్చిన ఒక్క అండాన్నే తీశారు. ఇవాళ లోకమంతా నడుస్తున్నది ముఖర్జీ దారికి దగ్గరగా ఉన్న పద్ధతే. ఆయన్ను నమ్మని ప్రభుత్వ కమిటీ, విసిగించిన బదిలీల నడుమ 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. దేశంలో సంతాన వైద్యం ప్రైవేటు చేతుల్లోకి పోయిన కథలో ఇది తొలి అధ్యాయం.

సూదులు వేస్తే ఉన్న అండాలన్నీ అయిపోతాయన్న భయం పల్లెల్లోనూ పట్నాల్లోనూ ఉంది. ఆ నెల ఎలాగూ ముడుచుకుపోయే ఫాలికల్స్‌నే అదనపు ఎఫ్‌ఎస్‌హెచ్ నిలబెడుతుంది. వచ్చే ఏడాది అండాల మీద చెయ్యి వేయదు. కేన్సర్ భయానికి కూడా కొంత సమాధానముంది. నెదర్లాండ్స్‌లో సుమారు 25 వేల మంది మహిళలను రెండు దశాబ్దాలకు పైగా గమనించి 2016లో ఇచ్చిన నివేదికలో ఐవీఎఫ్ వల్ల రొమ్ము కేన్సర్ పెరిగినట్లు కనబడలేదు. భయపడాల్సింది వేరే. మోతాదు మించితే అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరి, రక్తం చిక్కబడి ప్రాణం మీదికి రావచ్చు. కవలలూ ముగ్గురూ పడితే నెలలు నిండని కాన్పులు తప్పవు. అందుకే సూదుల దశ స్కానింగ్, నిపుణురాలు ఉన్నచోటే సాగాలి. కంబదూరు ఆస్పత్రి ఆ సూదులు వేయాలని నేననను. ఎవరికి అవి అవసరమో, ఎవరికి అక్కర్లేదో తేల్చి పంపాలి.

హార్మోన్లు చేయలేని పని ఒకటుంది. దాన్ని తెలుగు నేలమీద జరిగిన ఒక కాన్పు అందరికంటే బాగా చూపించింది. 2019 సెప్టెంబరు 5న గుంటూరులో తూర్పుగోదావరి జిల్లాకు చెందిన ఒక వృద్ధురాలు సిజేరియన్‌లో కవల ఆడపిల్లలను కన్నారు. ఆమెకు 74 ఏళ్లని వైద్యులు ప్రకటించారు. ముట్లుడిగి ఎన్నో ఏళ్లయినా, ఎస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ వరసగా అందితే గర్భాశయం మళ్లీ పిండాన్ని మోసింది. అండం మాత్రం దాతది. గర్భాశయాన్ని హార్మోన్లతో నిద్రలేపవచ్చు, అండం వయసును ఏ సూదీ వెనక్కి తిప్పలేదు. ఆడపిల్ల పుట్టేటప్పుడు పది, ఇరవై లక్షల అండాలతో పుడుతుంది, సమర్తనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి, కొత్తవి తయారుకావు. మిగిలినవాటిలో క్రోమోజోముల పొరపాట్లు 35 ఏళ్లు దాటాక వేగంగా పెరుగుతాయి. ఈ కాన్పు వార్తను అద్భుతంగా రాసిన పత్రికలు దాత అండం మాటను మధ్యలో ఎక్కడో చెప్పి వదిలేశాయి. ఎప్పుడైనా కనొచ్చులే అన్న భ్రమను అలాంటి వార్తలు పెంచుతాయి. 2021 సంతాన సాంకేతిక చట్టం వచ్చాక ఆ వయసులో చికిత్స కుదరదు. ఆడవాళ్లకు 50, మగవాళ్లకు 55 ఏళ్లు హద్దు.

అండానికి గడువున్నప్పుడు తొలి మెట్టు లేకపోవడమంటే డబ్బుతోపాటు కాలాన్ని కూడా పోగొట్టడమే. మొక్కులకు రెండేళ్లు, పసర్లకు ఏడాది, అప్పు పుట్టడానికి ఇంకో ఏడాది పోయాక పట్నం డాక్టరు ముందు కూర్చుంటే, మాత్రతో పోయేది ఐవీఎఫ్‌కు చేరుతుంది. దీనికి తిరగేసిన తొందర కూడా మన దగ్గర ఉంది. రాష్ట్రంలో 20-24 ఏళ్ల మహిళల్లో 29 శాతానికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని అదే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పదిహేడేళ్ల పిల్లకు ప్రతి నెలా అండం విడుదల కాకపోవడం మామూలే. ఆమెను ఏడాదికే గొడ్రాలని ఆస్పత్రులు తిప్పుతారు. కరవు పల్లెలకు ఇంకో చిక్కుంది. మగవాడు సుగ్గికో బేల్దారి పనికో బెంగళూరు పోయి నెలకో రెండు నెలలకో వస్తాడు. పన్నెండు నెలలు కలిసి ఉన్నా గర్భం రాకపోతేనే వైద్యం దాన్ని సంతానలేమి అంటుంది. వలసలో పోయిన నెలలు ఆ లెక్కలోకి రావు. అలాంటి జంటకు అండం విడుదలయ్యే రోజులేవో చెప్పి, ఆ రోజుల్లో ఊర్లో ఉండమనడమే సగం చికిత్స. క్యాలెండరు చూసి ఆ మాట చెప్పడానికి ఊరి నర్సు ఏఎన్‌ఎం చాలు.

తాగునీళ్లకే దిక్కులేని చోట సంతాన చికిత్స విలాసం కాదా అని అడిగేవాళ్లుంటారు. అది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు, రక్తహీనతా బాలింత మరణాలూ ముందు వరసలో ఉండాల్సిందే. కానీ ఇదే కరవు నేలలో కుటుంబ నియంత్రణను ఎవరూ విలాసమనలేదు. రాష్ట్రంలో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతానికి కు.ని. ఆపరేషన్ జరిగింది, మగవాళ్లలో అది అర శాతం కూడా లేదు. ప్రతి పల్లెలో ప్రతి ఆడదాని గర్భం దాకా వెళ్లగలిగిన యంత్రాంగానికి, గర్భం రానివాళ్ల దాకా వెళ్లడం మాత్రం చేతకాదంటే నమ్మలేం. ఆపరేషన్ అయ్యాక ఉన్న బిడ్డ చనిపోతే ఆ తల్లికి మళ్లీ బిడ్డ కావాలి. ఆమె నాళాలను మూయించినది ప్రభుత్వ కార్యక్రమమే కాబట్టి ఆ బాధ్యతలో ప్రభుత్వానికి వాటా ఉంది. దత్తత తీసుకోవచ్చుగా అన్న మాట కూడా వినిపిస్తుంది. తీసుకోదలిచినవాళ్లకు అది మంచి దారే. అయితే దేశంలో ఏటా చట్టబద్ధంగా దత్తత వెళ్లే పిల్లలు నాలుగు వేల పైచిలుకు, ఎదురుచూస్తున్న దంపతులు ముప్పై వేలకు పైగా.

మందులు తక్కువ చదువున్నవాళ్ల చేతుల్లో పడి దుర్వినియోగం అవుతాయన్న అభ్యంతరం ఇంకా బలమైనది. నిజమే, లెట్రోజోల్‌ను ఆరు నెలలు గుడ్డిగా రాసేయడం, భర్తను పరీక్షించకుండా భార్యకు మాత్రలివ్వడం తప్పు. ఇప్పుడు జరుగుతున్నదైనా ఏమిటి? ఎవరి పర్యవేక్షణా లేని చోట అదే నడుస్తోంది. 2021 సంతాన సాంకేతిక చట్టం అండమో వీర్యమో ఒంట్లోంచి బయటికొచ్చి ఎవరి చేతిలోనైనా పడ్డాకే మొదలవుతుంది. మాత్రలూ సూదుల దశ దాని పరిధిలో లేదు. దాత జీవితంలో ఒక్కసారే అండాలివ్వాలని, ఏడుకు మించి తీయకూడదని అంత వివరంగా రాసిన చట్టానికి, ఊరి మందుల షాపులో దొరికే హార్మోన్ మాత్ర కనబడలేదు. ఆ ఖాళీని పూరించేది పోలీసులు కాదు, ఒక మంచి సర్కారు వైద్యాధికారి, ఒక రాతపూర్వక చికిత్సా క్రమం, మూడు నాలుగు నెలలకు ఫలితం లేకపోతే కళ్యాణదుర్గానికో అనంతపురం బోధనాస్పత్రికో పంపే చీటీ. 2025 జులైలో సికింద్రాబాదులో ఒక దంపతులు సరొగసీ పేరిట లక్షలు కట్టి, తమకిచ్చిన బిడ్డ డీఎన్‌ఏ తమది కాదని తెలుసుకున్నారు. పేద తల్లిదండ్రుల దగ్గర కొన్న పసికందును అంటగట్టారని పోలీసులు చెప్పారు. ఎక్కడ ఏ చికిత్స అవసరమో చెప్పే నిష్పక్షపాతమైన తొలి గొంతు లేని చోట ఇలాంటి దుకాణాలకు గిరాకీ తగ్గదు.

డబ్బు మాటకొస్తే, ఆయుష్మాన్ భారత్ సంతాన చికిత్సలను మినహాయింపుల జాబితాలో పెట్టింది; ప్రైవేటు బీమా పాలసీలదీ మామూలుగా అదే వైఖరి. పెద్ద ప్రభుత్వాస్పత్రుల్లో ఐవీఎఫ్ అసాధ్యమేమీ కాదు. 2023లో గోవా వైద్య కళాశాల ఆస్పత్రి ఉచితంగా మొదలుపెట్టింది, అదే ఏడాది అక్టోబరులో హైదరాబాదు గాంధీ ఆస్పత్రిలో కేంద్రాన్ని ప్రారంభించారు. రిబ్బన్ కత్తిరించడం సులువు, పిండ శాస్త్రజ్ఞుల పోస్టులు నింపి ఏడాది పొడవునా నడపడమే కష్టం. తొలి మెట్టుకు ఆ ఇబ్బంది లేదు. జీవితకాలంలో ప్రతి ఆరుగురిలో ఒకరు సంతానలేమిని ఎదుర్కొంటారని 2023లో చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2025 నవంబరులో తొలిసారి దీనిపై మార్గదర్శకాలిచ్చి, సులువైన చికిత్సల నుంచి మెట్టుమెట్టుగా పైకి వెళ్లాలనే చెప్పింది.

వెతకడానికి కొత్త సర్వే కూడా అక్కర్లేదు. ప్రతి ఏఎన్‌ఎం దగ్గర అర్హ దంపతుల రిజిస్టరు ఉంటుంది. పెళ్లి ఎప్పుడైంది, పిల్లలెందరు, ఏ గర్భనిరోధక పద్ధతి వాడుతున్నారు అన్నవి అందులో రాస్తారు. ఇన్నేళ్లూ కు.ని. ఆపరేషన్ ఎవరికి చేయించాలో చూడటానికి ఆ పేజీలు తిరగేశారు. పెళ్లయి రెండేళ్లు దాటి, పిల్లల గడిలో సున్నా ఉన్న వరసలను కంబదూరు మండలంలో ఒక్కపూట కూర్చుని ఏరవచ్చు. ఆ జంటలకు పంపే మొదటి కబురు భార్యకు కాకుండా ఇద్దరికీ కలిపి వెళ్లాలి, మొదటి పరీక్ష భర్తకు జరగాలి.